రెలిక్టుకి తెలుగు మాట

ఫోనులో బోర్డులు చెక్కే మేస్త్రి నంబరు కనపడితే పలక సిద్ధమైందేమో అనుకుంది టీచరు. ఎత్తేసరికి టైలరమ్మ గొంతు వినిపించింది. "ఉన్నపళంగా షాపుకి రా" అని పెట్టేసింది. పన్నెండేళ్లలో ఆవిడ టీచరుకి ఫోను చేసింది మూడేసార్లు. ఒకటి నాన్నని ఆసుపత్రిలో చేర్చామని, రెండోది నాన్న పోయారని. ఇది మూడోది. పదో తరగతి పిల్లలకి ఏదో వ్యాసం రాయమని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని టీచరు గేటు దాటింది.

టైలరమ్మ అనే పేరు టీచరు పెట్టిందే. తండ్రి రెండో పెళ్లి చేసుకున్న మనిషిని ఎవరైనా పిన్ని అంటారు. టీచరు అనలేదు. ఆ పెళ్లినాటికి టీచరుకి ముప్పై ఏడు, ఆవిడకి నలభై. స్కూలు యూనిఫారాలు కుట్టి బతికే మనిషిని, తనకంటే మూడేళ్లే పెద్దదాన్ని, అమ్మ కుర్చీలో కూర్చోబెట్టి పిన్నీ అనమంటే నోరెలా వస్తుందని టీచరు వాదన. పోనీ నోరు రాకపోతే మూసుకుని ఊరుకుందా? అదీ లేదు. చాటున టైలరమ్మ, ఎదుట "మీరు". ఆ "మీరు"లో గౌరవం ఆవగింజంతైనా ఉండేది కాదు. మనిషిని గుమ్మం అవతలే నిలబెట్టి మాట్లాడే "మీరు" అది.

నాన్న నలభై ఏళ్లు పత్రికలో ప్రూఫ్‌రీడరు. ఇంటినిండా పుస్తకాలు, అందులో పదకొండు రకాల డిక్షనరీలు. భోజనాల దగ్గర ఆయన ఏదో అరుదైన ఇంగ్లీషు మాట అడగడం, కూతురు అర్థం చెప్పడం, చెప్పలేకపోతే చెయ్యి కడుక్కునేలోగా వెతికి పట్టుకురావడం వాళ్లిద్దరి ఆట. ఆయన పోతూ పోతూ పుస్తకాలు కూతురికీ ఆ ఇల్లాలికీ ఉమ్మడిగా రాసిపెట్టాడు. రెండువేల పైచిలుకు పుస్తకాలు తీసుకుని ఒక గదికి ఆయన పేరు పెడతామని లైబ్రరీవాళ్లు ముందుకొచ్చారు. కాగితం మీద ఇద్దరి సంతకాలూ కావాలన్నారు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి ప్రారంభం. గోడకి ఇత్తడి పలక. ఇంగ్లీషు పుస్తకాల గది గనక పలకా ఇంగ్లీషులోనే.

సంతకానికి టైలరమ్మ అడిగింది ఒక్కటే. "పలక మీద నా పేరు అక్కర్లేదు. నేనాయన భార్యనని ఉండాలి. అది ఉంటే సంతకం పెడతాను, లేకపోతే పుస్తకాలు నా ఇంట్లోనే ఉంటాయి."

"ఉంటుందండీ" అంది టీచరు, ఎంత మెత్తగా అందంటే తెలిసినవాళ్లెవరైనా ఉంటే అప్పుడే అనుమానించేవాళ్లు. ఆ రాత్రి పలక మీది మాటలు తనే రాసింది. మొదటి లైన్లో నాన్న పేరు, ఆయన వృత్తి. రెండో లైన్లో ఆయన వైఫ్ స్మృతికి కూడా అని, పక్కన అమ్మ పేరు. మూడో లైన్లో ఈ పుస్తకాలిచ్చినవారు వారి కూతురు, మరియు ఆయన రెలిక్ట్.

రెలిక్ట్. అదీ టీచరు తెలివి. భర్త పోగా మిగిలిన ఆడమనిషి అని దానికి అర్థం. పాతకాలపు కోర్టు కాగితాల్లో, సమాధి రాళ్ల మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. తెలిసినవాడు తప్పు పట్టలేడు. తెలియనివాడికి అక్కడ భార్య కనపడదు. ఇచ్చిన మాట తప్పినట్టూ కాదు, నిలబెట్టుకున్నట్టూ కాదు. "ఇది కోర్టు మాటండీ, వైఫ్ కంటే గౌరవమైంది" అని కాగితంలో ఆ ఒక్క మాటే చూపిస్తే టైలరమ్మ ఆ అక్షరాలవైపు కాసేపు చూసి తలూపింది. ఆ తలూపుడు చూసి టీచరు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది. ఇలాంటి నిద్ర పట్టే మనుషుల్ని చూస్తే ఒళ్లు మండుతుంది, కానీ ఏం చేస్తాం, పట్టింది.

మేస్త్రి షాపు పొడుగాటి ఇరుకు గది. గోడలనిండా "లోపల కలరు", "కుక్క ఉన్నది", "చెప్పులు బయట" అని నమూనా బోర్డులు. మధ్యలో చెక్కే మెషిను. దాని ఒక చేతికున్న ముల్లుని అక్షరాల అచ్చు మీద తిప్పుతుంటే రెండో చేతికున్న సన్నటి ఉలి ఇత్తడిని అదే ఆకారంలో తొలుస్తుంది. నేలంతా పసుప్పచ్చటి రజను. బల్ల మీద పలక మెరుస్తూ ఉంది, గాడుల్లో నల్లరంగు నింపడం కూడా అయిపోయింది. పలకకి ఆ పక్క మేస్త్రి మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు. ఈ పక్క టైలరమ్మ, చేతిలో నాన్న ఇంగ్లీషు-తెలుగు జేబు డిక్షనరీ, పేజీల మధ్య వేలు.

"నేను పాత సామానునా?" అంది టైలరమ్మ.

టీచరు పలక చూసింది. మూడో లైను చివర రెలిక్ట్ లేదు, రెలిక్ ఉంది. ఆఖరి టీ అక్షరం ఉండాల్సిన చోట నల్లటి చుక్క.

"పొద్దున ఎలా వచ్చిందో చూసుకుందామని వచ్చాను" అంది టైలరమ్మ. "కోర్టు మాట, గౌరవమైన మాట అన్నావుగా, చూద్దామని డిక్షనరీ కూడా తెచ్చుకున్నా. విను. రెలిక్. చచ్చిపోయినవాళ్ల ఎముకో, గుడ్డపేలికో, దాచిపెట్టినది. కాలం చెల్లినా ఇంకా మిగిలి ఉన్న పాత వస్తువు. ఏదమ్మా ఇందులో గౌరవం? ఎముకకా, పేలికకా?"

టీచరు అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది. పెదవి బిగించింది కానీ ముక్కు ఆగలేదు. ఆ నవ్వు టైలరమ్మ చూసింది, మేస్త్రీ చూశాడు.

"నేను రాసింది అది కాదు" అని గబగబా మేస్త్రి మీదకి తిరిగింది టీచరు. "చివర టీ ఏదయ్యా? కాగితంలో అంత స్పష్టంగా రాసిస్తే!"

"రాశారు. అచ్చుతప్పనుకున్నా" అన్నాడు మేస్త్రి. పొరపాటు చేసిన మనిషిలా లేడు, చేయించినవాళ్లని పట్టుకున్న మనిషిలా ఉన్నాడు. "ఇరవై ఏడేళ్లుగా చెక్కుతున్నా, నేను చూడని మాటా? నా దగ్గరున్న పుస్తకంలో రెలిక్ ఉంది, టీ ఉన్నది లేదు. మీకు రెండుసార్లు ఫోన్ చేశా. ఎత్తలేదు. ఇత్తడి మీద తప్పు పోతే షాపు పరువు పోతుందని నేనే దిద్దా."

"దిద్దావా! నా ఇంగ్లీషుని నువ్వు దిద్దావా!"

"దిద్దితే ఏం? ఈ అడ్డమైన మాటెందుకసలు? పై లైన్లో వైఫ్ అని రాశారుగా, ఆ అచ్చులు బల్ల మీదే ఉన్నాయి. కిందా అదే పెట్టమంటే అయిదు నిమిషాల పని. ఎవరికీ గొడవుండేది కాదు."

టైలరమ్మ పలక మీదకి వంగింది. ఇంగ్లీషు ఆవిడ కూడబలుక్కుని చదువుతుంది, కానీ నాలుగక్షరాల వైఫ్ చదవడానికి అంత కష్టం అక్కర్లేదు. రెండో లైను మీద వేలు పెట్టింది. తర్వాత మూడో లైను మీద పెట్టింది.

"ఆవిడకి వైఫ్. నాకు రెలిక్టు."

"రెండూ ఒకటేనండీ, అర్థం అదే..."

"అర్థం ఒకటే అయితే మాటా ఒకటే ఉండేదిగా."

పాతికేళ్లుగా పిల్లలకి పర్యాయపదాలు నేర్పుతున్న టీచరు ఒంటికాలి మీద లేచింది. తప్పు దొరికినప్పుడు ఆవిడ ఎప్పుడూ అలాగే లేస్తుంది.

"విడో అని రాయొచ్చు. అంటే విధవ. మీకది బాగుంటుందా? నలుగురూ చదివే గోడమీద విధవ అని రాయించుకుంటారా? అందుకే కాస్త మర్యాదగా ఉండే మాట వెతికాను. వెతకడానికి నాకెంతసేపు పట్టిందో మీకేం తెలుసు?"

"వెధవ పని చెయ్యడానికి ఎవరికైనా టైము పడుతుంది" అంది టైలరమ్మ.

మేస్త్రి దగ్గు తెచ్చుకుని అటు తిరిగాడు.

"సరే, నువ్వు చదువుకున్నదానివి, నేను కాదు" అంటూ టైలరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కుట్టు దుకాణంలో కొలతలు తీసుకునేటప్పుడు కూర్చునే తీరది, తొందర లేకుండా. "ఈ రెండు మాటలకీ తేడా చెప్పు. ఒక అక్షరం తేడాకి ఎంత దూరమో చూద్దాం."

చెప్పకుండా వెళ్లిపోవచ్చు. కానీ మాటకి అర్థం చెప్పమంటే వెళ్లిపోవడం టీచరు చేతకాదు. నాన్న పెట్టిన రోగం అది. బ్యాగు బల్లమీద పెట్టి చెప్పింది. రెండూ ఒక కడుపున పుట్టినవే, విడిచిపెట్టిపోవడం అనే పాత మాటలోంచి వచ్చాయి. రెలిక్ అంటే వస్తువు. పోయినవాళ్ల గుర్తుగా మిగిలింది, అద్దాల పెట్టెలో పెట్టి చూసుకునేది. వెటకారంగా అయితే ముసలి కారునీ, మారని మనిషినీ కూడా అంటారు. రెలిక్ట్ అంటే మనిషి. భర్త విడిచిపోగా ఉండిపోయిన స్త్రీ. శాస్త్రాల వాళ్లు ఇంకోలా కూడా వాడతారు, చుట్టూ ఉన్న జాతంతా అంతరించిపోయాక ఒకచోట మిగిలిన మొక్కనో పురుగునో అలా అంటారు. చెబుతున్నంతసేపూ టీచరు గొంతులో కోపం లేదు, పాఠం చెప్పే హుషారే ఉంది. చెప్పడం అయ్యాక ఎవరికి చెప్పిందో గుర్తొచ్చి మళ్లీ మొహం ముడుచుకుంది.

"అంటే రెలిక్కుని దాచుకుంటారు. రెలిక్టుని వదిలేస్తారు" అంది టైలరమ్మ. "టీ లేనిదే నయంలా ఉందే."

"అలా కాదు..."

"అలాగే. ఇప్పుడు నేను చెప్పేది విను. నీకు కొత్త మాటలంటే ఇష్టం కదా, ఒకటి చెబుతా. అటెండెంటు. మీ నాన్నని ఆసుపత్రిలో చేర్చిన రోజు ఫారం నింపారు. పక్కన ఉన్నవాళ్లు ఏమవుతారు అనే చోట ఆయన తన చేత్తో అటెండెంటు అని రాశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. బ్యాంకులో అడిగితే మా ఇంటి మనిషి అన్నారు. ఆయన ఆఫీసు వాళ్లు ఇంటికొస్తే ఈవిడ ఇక్కడే ఉంటుంది అన్నారు. రిజిస్ట్రారు ముందు ఒక్కసారి భార్య అన్నారు, అక్కడ అనకపోతే సంతకం పెట్టనివ్వరు గనక. మళ్లీ పన్నెండేళ్లలో నలుగురిలో ఒక్కసారి అనలేదు. ఊరందరి అచ్చుతప్పులు దిద్దిన మనిషి నా దగ్గరకొచ్చేసరికి తప్పే రాశారు. ఎందుకో తెలుసా?"

టీచరు బల్లమీది బ్యాగు అందుకోబోయింది.

"నీకు భయపడి. నీ చెవిన పడితే నువ్వు రావడం మానేస్తావని. ఒకసారి మానేశావుగా ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ డిక్షనరీ ముట్టుకోలేదు ఆయన."

అబద్ధమని అరవాలనిపించింది టీచరుకి. అరిచేది కూడా, కానీ అది అబద్ధం కాదని తెలిసిపోయింది. నాన్న తనకి ఫోన్లో ఆవిడ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా "ఇంట్లో" అనేవాడు. ఇంట్లో బాగోలేదు, ఇంట్లో అడుగుతున్నారు. మనిషిని అనలేక ఇంటిని అనేవాడు. ఆయన పిరికితనం చూసి ఆనాడు టీచరుకి ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో మొహం మండింది. సిగ్గు పడేలా చేసినందుకు టైలరమ్మ మీద ఇంకా కోపం వచ్చింది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది. "పలక మళ్లీ చెక్కడానికి టైము లేదు."

"రేపటిదాకా కుదరదు" అన్నాడు మేస్త్రి. "చెక్కింది చెరగదు. కావాలంటే ఆ చుక్క మీద నిలువుగీత లాగి, పైన అడ్డగీత పెడితే టీ అవుతుంది. పావుగంట. కాకపోతే వాక్యానికి చుక్క ఉండదు."

"చుక్క లేకుండానా!" అంది టీచరు అప్రయత్నంగా.

ఇద్దరూ ఆవిడవైపు అదోలా చూశారు.

"టీ పెట్టండి మేస్త్రిగారూ" అంది టైలరమ్మ లేస్తూ. "ఏమ్మా, ఆ మాటే ఉండనీ. నేను సంతకం పెడతాను. కానీ అక్కడ తెర తీశాక ఆ మాటకి అర్థం నువ్వే చెప్పాలి. తెలుగులో. ఒక్క మాటలో. అందరి ముందూ. చెప్పిన తర్వాతే నా సంతకం. చెప్పకపోతే ఆ పుస్తకాల్ని వెనక్కి తెప్పించి తూకానికేసినా వేస్తాను, మీ నాన్న పేరు ఏ గోడమీదా ఉండదు."

మెషిను మళ్లీ మొదలైంది. టీచరు బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. టైలరమ్మ అన్నంత పనీ చేస్తుంది, అందులో సందేహం లేదు. ఒక్క మాట చెబితే నాన్న పేరు గోడకెక్కుతుంది. చెప్పకపోతే ఎక్కదు.

నాలుగింటిదాకా టీచరు చేసిన పని మాటలు వెతకడం. ఒక్క మాట అందిగానీ ఏ మాటో అనలేదుగా. సహచరి? బాగానే ఉంది కానీ అది స్నేహితురాలికీ వాడొచ్చు. జీవితభాగస్వామి? అది బీమా కాగితాల మాట. ఇల్లాలు? ఎవరి ఇల్లాలో తేలదు. ఇంటావిడ అయితే అద్దెకిచ్చిన ఆవిడ కూడా ఇంటావిడే. వాడుకలో ఎంత హాయిగా జారిపోతుందో! టీచరు దాన్నే ఎంచుకుంది. నాన్న నేర్పిన ఆట ఇలా ఆడుతున్నానని ఒక్క క్షణం నొచ్చుకుంది, ఒక్క క్షణమే.

లైబ్రరీ గదిలో ముప్పై కుర్చీలు వేశారు. సంతకం ఎలాగూ వస్తుందని ముందే తెచ్చిన నాన్న పుస్తకాలు మూడు గోడల నిండా సర్ది ఉన్నాయి, నాలుగో గోడమీద పలక, దానిమీద ఆకుపచ్చ గుడ్డ. నాన్నతో పనిచేసినవాళ్లు వచ్చారు, స్కూల్లోంచి టీచర్లు వచ్చారు. పలక బిగించిన మేస్త్రి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తలుపు దగ్గరే ఉండిపోయాడు, ఆయనకి అక్కడ పనేమీ లేకపోయినా. ముందు బల్లమీద దానపత్రం, పక్కన టైలరమ్మ, చేతిలో మూత తియ్యని పెన్ను.

లైబ్రరీ ప్రెసిడెంటు గుడ్డ లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు. మొదటి రెండు లైన్లూ బాగానే చదివి మూడో దాంట్లో తడబడ్డాడు. "కూతురు మరియు ఆయన రె... రెలిక్ట్. ఇదేదో కొత్త మాటలా ఉందే. మాకెవరికీ తెలియదు. టీచరుగారూ, అంటే ఏమిటండీ?"

టైలరమ్మ పన్నిన పన్నాగం కాదది. ఆ ముసలాయన నిజంగానే అడిగాడు.

టీచరు లేచింది. "అంటే ఆయన తాలూకు..." అంది.

తాలూకు! వెతికి వెతికి పెట్టుకున్న ఇంటావిడ కూడా సమయానికి నాలుకకి అందలేదు. పక్కన బల్లమీద పెన్ను పెట్టేసిన చప్పుడైంది. టీచరు తిరిగి చూసింది. టైలరమ్మ మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపానికి కోపంతో జవాబు చెప్పొచ్చు. తాలూకు అనే మాట ఆవిడకి కొత్త కాదు. ఇంటి మనిషి, అటెండెంటు, ఇక్కడే ఉంటుంది, ఇప్పుడు తాలూకు. ఇంకోటి చేరిందని లెక్కపెట్టుకుంటున్నట్టు నేలవైపు చూస్తోంది.

నాన్నా ఇలాగే నిలబడి ఉంటాడు ఆ బ్యాంకులో, అనుకుంది టీచరు. ఇంత మాటల పోగు వెంటేసుకుని, ఒక్క మాటకి గుటకలు మింగుతూ.

"ఇంటా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాత కుర్చీ వీపుని గట్టిగా పట్టుకుంది.

"భార్య" అంది. "మా నాన్న భార్య."

ప్రెసిడెంటు ఓహో అని తలూపాడు. టైలరమ్మ పెన్ను తీసుకోలేదు.

"వెనక వాళ్లకి వినపడలేదు" అంది.

టీచరు పళ్లు నూరింది. ఆ క్షణంలో ఆవిడని ఎంత ద్వేషించిందో పన్నెండేళ్లలో ఎన్నడూ అంత ద్వేషించలేదు. కానీ గదంతా ఎదురుచూస్తోంది, తలుపు దగ్గర మేస్త్రి కూడా మెడ చాచి చూస్తున్నాడు.

"ఈవిడ మా నాన్న భార్య" అంది టీచరు, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో.

టైలరమ్మ పెన్ను మూత తీసి సంతకం పెట్టింది. అక్షరాలు వంకర పోయాయి. రెండోసారి చూసుకోకుండా కాగితాన్ని టీచరు వైపు తోసింది. సంతకం కింద ఒక ఖాళీ ఉంది, చనిపోయినవారికి ఏమవుతారు అని అడిగే చోటు. ఆవిడ దాన్ని నింపలేదు.

"అది నువ్వే రాయి" అంది.

టీచరు పెన్ను తీసుకుంది. పెన్ను ఇంకా వెచ్చగా ఉంది. ఈసారి రాయడానికి ఏ డిక్షనరీ అక్కర్లేకపోయింది.